ముట్టుకుంటే ఏడ్చే బిడ్డ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అక్కా, నీ పని గురించి ఇరవై నిమిషాలు చెప్పు" అన్నాడు. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును. ఈ మాట వినగానే చాలామంది ఉద్యోగాలు ఇప్పించే పని అనుకుంటారు. నా దగ్గరికి వచ్చేది రెండేళ్ళ, మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలు. తినడం, నిద్రపోవడం, బట్టలు తొడుక్కోవడం, ఆడుకోవడం, పెన్సిల్ పట్టడం, ఇవే వాళ్ళ ఉద్యోగాలు. అవి చేసుకోలేకపోతున్న పిల్లలకు దారి వెతకడం మా వృత్తి. హన్మకొండలో ఇరవై ఏళ్ళకు పైగా ఈ పని చేస్తున్నాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆటిజం ఉన్న పిల్లలే.

వాళ్ళ గురించి చెప్పాల్సింది చాలా ఉంది. ఈ సభలో తల్లిదండ్రులు, నాయనమ్మలు, తాతలు, ఉపాధ్యాయులు ఉన్నారు కాబట్టి, మనందరి దగ్గరా ఉన్నదాని గురించే మాట్లాడతాను. చేతి స్పర్శ గురించి, చిన్నపిల్లలకు చేసే మాలీష్ గురించి.

ముందు ఒకసారి మన బడి గ్రౌండులోకి వెళ్దాం. ప్రార్థన గంట కొట్టగానే లైన్లు కట్టేవాళ్ళం. ముందున్నవాళ్ళ భుజం మీదికి చెయ్యి చాచి దూరం సరిచూసుకునేవాళ్ళం. మా తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. పేరు చెప్పను. వెనకవాడి చెయ్యి భుజానికి తగలగానే అరిచేవాడు. ఒక్కోసారి తిరిగి కొట్టేవాడు. చివరికి దెబ్బలు తినేది అతడే. మాకది ఆటయిపోయింది. ఎవరు ముట్టుకుంటే ఎంత గట్టిగా అరుస్తాడో అని పందెం కాసేవాళ్ళం. ఆరో తరగతిలో ఒకరోజు నేను కూడా వెనకనుంచి వెళ్ళి, అతని మెడ మీద వేలు పెట్టి పరుగెత్తాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏడో తరగతికి అతడు బడికి రాలేదు.

అతనికి ఆటిజం ఉండేదని నేను అనడం లేదు. నలభై ఏళ్ళ కిందటి జ్ఞాపకాన్ని పట్టుకొని ఒక మనిషికి జబ్బు పేరు పెట్టడం తప్పు. కానీ ఈ చదువు చదివాక ఒక్క సంగతి అర్థమైంది. అతడు పొగరుతో అరవలేదు. ఆ చెయ్యి అతనికి నొప్పిగా తగిలేది.

1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు పదకొండుమంది పిల్లలను గమనించి ఆటిజం గురించి మొదటి ముఖ్యమైన వ్యాసం రాశాడు. ఇది మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. మాట ఆలస్యం కావడం, పిలిస్తే పలకకపోవడం, తోటిపిల్లలతో కలవలేకపోవడం, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయడం మీరు వినే ఉంటారు. స్పర్శ సంగతి మాత్రం వైద్యుల పట్టికల్లోకి ఆలస్యంగా వచ్చింది. 2013లో వెలువడిన డి.ఎస్.ఎం.-5 అనే గ్రంథంలోనే శబ్దానికి, వెలుతురుకు, స్పర్శకు మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో స్పందించడాన్ని ఆటిజం లక్షణాల్లో చేర్చారు.

తల్లులకు ఇది ఎప్పటినుంచో తెలుసు. గోళ్ళు తీయాలంటే ఇద్దరు పట్టుకోవాలి. కటింగ్ షాపు కనబడితే రోడ్డు మీదే పడి ఏడుస్తాడు. కొత్త చొక్కా మెడ వెనక లేబులు కత్తిరిస్తే తప్ప వేసుకోడు. బతుకమ్మ రోజుల్లో డీజే చప్పుడుకు చెవులు మూసుకొని మంచం కిందికి దూరతాడు. అదే పిల్లవాడు కిందపడి మోకాలు చీరుకుపోయినా ఏడవకపోవచ్చు.

రెండేళ్ళ కిందట ఒక తల్లి మూడేళ్ళ బాబును తీసుకొని వచ్చింది. ఇంటి వివరాలు చెప్పను. నేను అడిగే ప్రశ్నలన్నింటికీ ఓపికగా జవాబు చెప్పింది. చివర్లో లేవబోయి మళ్ళీ కూర్చుంది. "మేడం, నేను ముట్టుకుంటెనే ఏడుస్తడు. మా అత్తమ్మ ఎత్తుకుంటె ఊకుంటడు. మా ఇంట్ల అందరు అంటున్నరు, నీ చేతుల ప్రేమ లేదు, పిల్లగానికి తెలుస్తదని. నేను తల్లినేనా మేడం?" అంది.

ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. మరుసటి వారం అత్తమ్మను కూడా రమ్మన్నాను. ఇద్దరూ బాబును ఎలా పట్టుకుంటారో చూశాను. తల్లి పువ్వును ముట్టుకున్నట్టు వేళ్ళ చివరలతో జుట్టు నిమిరింది. బుగ్గ మీద సుతారంగా రాసింది. వాడు మెలికలు తిరిగాడు. అత్తమ్మ మాత్రం రెండు చేతులూ వీపు చుట్టూ వేసి, గట్టిగా గుండెకు అదుముకొని కూర్చుంది. వాడు కదలకుండా ఉన్నాడు. ప్రేమలో తేడా ఏమీ లేదు. తేడా అంతా చేతి బరువులో ఉంది.

మన చర్మంలో, ముఖ్యంగా వెంట్రుకలుండే చోట, నెమ్మదిగా నిమిరితే పలికే సన్నని నరాలు ఉన్నాయి. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో చెయ్యి కదిలితే అవి బాగా స్పందిస్తాయని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. మనలో చాలామందికి అది హాయి. ఆటిజం ఉన్న కొందరు పిల్లలకు ఆ స్పర్శే చీమలు పాకినట్టు ఉంటుంది. వాళ్ళకు అరచెయ్యి మొత్తం ఆనించి నిలకడగా నొక్కితే ఊరట. టెంపుల్ గ్రాండిన్ అనే అమెరికన్ మహిళ ఈ సంగతిని తన ఒంటి మీదే తెలుసుకొని రాసింది. ఎవరైనా కౌగిలించుకోబోతే ఆమె బిగుసుకుపోయేది. కానీ నలువైపులా ఒత్తిడి కోసం ఆమె శరీరం అల్లాడేది. పశువులకు టీకాలు వేసేటప్పుడు కదలకుండా పట్టే చట్రాన్ని చూసి, తనకోసం అలాంటి చెక్క యంత్రం తయారు చేసుకుంది. ఎంత నొక్కాలో, ఎప్పుడు ఆపాలో మీట తన చేతిలోనే ఉంచుకుంది. తర్వాత ఆమె కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయింది. మీట ఆమె చేతిలో ఉందన్న సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ దానికి వస్తాను.

తల్లిని తప్పుపట్టడం మన దగ్గర మాత్రమే ఉన్న అలవాటు కాదు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ రాసిన పుస్తకం తల్లుల చల్లదనమే ఆటిజానికి కారణమన్న భావాన్ని బాగా ప్రచారం చేసింది. దానికి మూడేళ్ళ ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్‌లాండ్ ఇది మెదడుకు సంబంధించిన విషయమని పుస్తకం రాశాడు. ఆయన కొడుకుకే ఆటిజం ఉంది. ఆ నింద తప్పని తర్వాతి పరిశోధన అంతా తేల్చింది. మన ఇళ్ళలో అది రూపం మార్చుకొని ఇంకా బతికే ఉంది. "చిన్నప్పుడు సరిగా నూనె పెట్టి తానం పోయలేదు, అందుకే ఇట్లయింది" అని కోడళ్ళను అనేవాళ్ళను నేను వారం వారం వింటాను. తానం పోయకపోవడం వల్ల ఆటిజం రాదు. బాగా పోసినంత మాత్రాన ఆగదు.

అయితే ఆ తానంలో ఒక విద్య ఉన్న మాట నిజం. మనలో చాలామంది ఆ విద్య కిందనే పెరిగాం. పెద్దమ్మ పీట మీద కూర్చొని, కాళ్ళు చాపి, మోకాళ్ళ కింద బిడ్డను పండబెట్టుకొని, గోరువెచ్చని నువ్వుల నూనె రాసేది. గుండె మీదినుంచి భుజాలకు, భుజాలనుంచి వేళ్ళ దాకా, తొడలనుంచి పాదాల దాకా. రోజూ అదే వరస. తర్వాత పెసరపిండి నలుగు, వేడినీళ్ళు, సాంబ్రాణి పొగ, గట్టిగా చుట్టిన మెత్తని పాత చీర ముక్క, నిద్ర. ఈ విద్యను చూసి పడమటివాళ్ళు పుస్తకాలు రాశారు. ఫ్రెంచి వైద్యుడు ఫ్రెడెరిక్ లెబోయే కలకత్తాలో ఒక తల్లి బిడ్డకు మాలీష్ చేస్తుండగా చూసి, ఫోటోలు తీసి, ఆమె పేరుతోనే 'శాంతల' అనే పుస్తకం 1976లో తెచ్చాడు. విమలా మెక్‌క్లూర్ అనే అమెరికన్ మహిళ 1973లో మన దేశంలోని ఒక అనాథాశ్రమంలో ఈ మాలీష్ చూసి నేర్చుకొని, తర్వాత తన దేశంలో తల్లులకు నేర్పింది.

ఆటిజం పిల్లల మీద దీన్ని పరీక్షించి చూసినవాళ్ళలో ఇద్దరి పని చెప్తాను. మయామీలో టిఫనీ ఫీల్డ్ 1992లో స్పర్శ మీదనే పరిశోధించే సంస్థ పెట్టారు. ఆమె బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు 20 మంది. సగంమందికి తల్లిదండ్రులే పడుకునే ముందు 15 నిమిషాలు మాలీష్ చేశారు. మిగతా సగానికి అదే సమయంలో కథలు చదివి వినిపించారు. నెల తర్వాత చూస్తే మాలీష్ పిల్లలకు నిద్ర ఇబ్బందులు తగ్గాయి, బడిలో తోటివారితో కలవడం కొంత మెరుగైంది. ఇక ఆరెగాన్ రాష్ట్రంలో లూయిసా సిల్వా అనే వైద్యురాలు చైనా సంప్రదాయపు చీగాంగ్ మాలీష్‌ను పిల్లలకు తగినట్టు మలిచారు. తలనుంచి పాదాల దాకా పన్నెండు కదలికలు, రోజుకు పదిహేను నిమిషాలు, చేసేది తల్లిదండ్రులే. 2009లో ఆమె బృందం ఆరేళ్ళలోపు పిల్లలు 46 మంది మీద అయిదు నెలల అధ్యయనాన్ని ప్రచురించింది. ఎవరికి మాలీష్ జరుగుతోందో తెలియని బడి టీచర్లే పిల్లల్ని అంచనా వేశారు. మాలీష్ పొందిన పిల్లల్లో మాట, కలివిడి పెరిగినట్టు వాళ్ళు గుర్తించారు.

ఇక్కడే ఆపేస్తే నేను అబద్ధం చెప్పినదాన్ని అవుతాను. 2011లో మరికొందరు నిపుణులు అప్పటివరకు జరిగిన అధ్యయనాలన్నీ జల్లెడ పట్టారు. లెక్కకు నిలిచినవి ఆరే. అవీ చిన్నవి, లోపాలున్నవి. గట్టి నమ్మకంతో సిఫారసు చేయడానికి ఈ రుజువు చాలదని తేల్చారు. నా అనుభవమూ అంతే చెప్తుంది. మాలీష్ ఆటిజాన్ని పోగొట్టదు. స్పీచ్ థెరపీకి, ఆటతో నేర్పే పద్ధతులకు, బడికి బదులు కాదు. చేయగలిగింది చిన్నది. బిడ్డ ఒళ్ళు కుదుటపడుతుంది, నిద్ర పట్టవచ్చు, తల్లీబిడ్డల మధ్య రోజుకు పదిహేను నిమిషాల పోట్లాట లేని సమయం దొరుకుతుంది. ఆ పదిహేను నిమిషాలే లేని ఇళ్ళు నేను చాలా చూశాను.

అందుకే "ఆటిజం పూర్తిగా నయం చేస్తాం, నలభై రోజుల నూనె మాలీష్, ముందుగా డబ్బు కట్టాలి" అనే ప్రకటనలు చూస్తే నాకు కోపం వస్తుంది. ఎడ్లు అమ్మి కట్టిన తండ్రి నా ముందు కూర్చొని ఏడ్చాడు. నలభై రోజులు కొత్తవాళ్ళ చేతుల్లో అరిచి అరిచి, ఆ బిడ్డ ఎవరు దగ్గరికొచ్చినా వణికే స్థితికి వచ్చింది. డబ్బు పోవడం ఒక నష్టం. బిడ్డకు చెయ్యంటేనే భయం పట్టుకోవడం అంతకన్నా పెద్ద నష్టం.

ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్ళకు కొన్ని మాటలు. వీలైతే మొదటిసారి థెరపిస్టు పక్కన ఉండి చూపించాలి.

రోజూ ఒకే వేళ, ఒకే చోట, ఒకే వరసలో చెయ్యండి. తర్వాత ఏం జరుగుతుందో తెలిస్తే ఈ పిల్లలకు ధైర్యం. చెయ్యి వేసే ముందు ఎదురుగా కూర్చొని, చేతులు చూపించి, "ఇప్పుడు వీపు" అని చెప్పండి. వెనకనుంచి ఎప్పుడూ ముట్టుకోవద్దు. బట్టలు విప్పాల్సిన పని లేదు, చొక్కా మీదినుంచే మొదలుపెట్టవచ్చు. వేళ్ళ చివరలు వద్దు, అరచెయ్యి మొత్తం ఆనించాలి. వీపు, భుజాలు, చేతులు, కాళ్ళు, ఈ క్రమంలో పైనుంచి కిందికి. ముఖం, చెవులు, వేళ్ళు చివరికి. నూనె వాడితే ముందు మోచేతి దగ్గర కొంచెం రాసి ఒకరోజు చూడండి. ముక్కులో, చెవుల్లో నూనె పోయవద్దు. జ్వరం, పుండ్లు ఉంటే ఆపండి. అన్నం తిన్న వెంటనే వద్దు. ఫిట్స్ ఉన్న పిల్లలైతే డాక్టరును అడిగాకే.

ఇందాక మీట సంగతి చెప్పాను. అది బిడ్డ చేతిలో ఉండాలి. చెయ్యి తోసేస్తే అదే వాడి మాట. అప్పుడు రుద్దడం మాని మెల్లగా తట్టండి, లేదా కదపకుండా చెయ్యి ఆనించి ఉంచండి. అప్పటికీ వద్దంటే ఆ రోజుకు చాలించండి. గట్టిగా పట్టుకొని చేసేది మాలీష్ అనిపించుకోదు. మాట రాని బిడ్డకు ఇంకో కారణం వల్ల కూడా ఇది అవసరం. "నా ఒంటి మీద నేను వద్దన్న చెయ్యి ఆగుతుంది" అని వాడికి ఇంట్లోనే అలవాటు కావాలి. రేపు బయట ఎవరైనా చెడుగా ముట్టుకుంటే ప్రతిఘటించడం అక్కడినుంచే వస్తుంది. కాబట్టి చేసేది ఇంటివాళ్ళే అయి ఉండాలి, తలుపు తెరిచే ఉండాలి.

ఆ తల్లికి ఇవన్నీ నేర్పింది నేను కాదు, ఎక్కువ భాగం అత్తమ్మే. కోడలి చేతి మీద తన చెయ్యి పెట్టి, "ఇంత బరువు" అని చూపించింది. మొదటి వారం రెండు నిమిషాలకు మించి సాగలేదు. మూడో వారం వీపు దాకా. రెండు నెలలు దాటాక ఒక సాయంత్రం ఆ తల్లి ఫోన్ చేసింది. మాట సరిగా రావడం లేదు. ఏమైందోనని నేను భయపడ్డాను. బాబు తనంత తానే టవల్ తెచ్చి ఆమె ముందు పరిచి, బోర్లా పడుకొని, ఆమె చెయ్యి లాగి తన వీపు మీద పెట్టుకున్నాడట. వాడికి ఇప్పుడు అయిదేళ్ళు. మాటలు ఇంకా రెండు మూడే. స్పీచ్ థెరపీ సాగుతోంది. రాత్రి నిద్ర మాత్రం కుదిరింది. "నేను తల్లినేనా" అని ఆమె మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు ఉపాధ్యాయులకు, సంఘానికి రెండు మాటలు. హైదరాబాదుతో సహా దేశంలో అయిదు ప్రాంతాల పిల్లలను పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనాన్ని బట్టి, ఆటిజం వందమందిలో సుమారు ఒకరికి ఉంటుంది. అంటే అయిదు వందలమంది చదివే మన బడిలో అయిదుగురు ఉండవచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. బడి వాళ్ళను కాదనడానికి వీల్లేదు. ధ్రువపత్రం కోసం వాడే భారతీయ ఆటిజం కొలమానం తయారైంది మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలోనే. నేషనల్ ట్రస్టు 'నిరామయ' పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది, థెరపీ ఖర్చులకూ అందులో చోటుంది. చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతే తెలియదు. మీకు అనుమానం వచ్చిన పిల్లల ఇంటివాళ్ళకు ఈ మాట చేరవేయండి. "మొండివాడు" అని రాసే ముందు ఒకసారి పిల్లల వైద్యుడి దగ్గరికి పంపండి.

స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర కాకతీయ తోరణంలాంటి కమాను కట్టాలని ప్రతిపాదన ఉందని విన్నాను. కట్టండి, నేనూ చందా ఇస్తాను. అందులో కొంత మిగిల్చి, పాత లైబ్రరీ పక్కనున్న చిన్న గదిని ఖాళీ చేయించండి. ఒక మందపాటి చాప, బరువైన దుప్పటి, నాలుగు దిండ్లు, తక్కువ వెలుతురు, చప్పుడు లేకపోవడం. తరగతిలో తట్టుకోలేకపోయిన బిడ్డ పది నిమిషాలు అక్కడ కూర్చొని తిరిగి తరగతికి వస్తుంది. కావాలంటే నెలకోసారి శనివారం వచ్చి టీచర్లకు, తల్లులకు నేను నేర్పుతాను. ఫీజు అక్కర్లేదు.

ప్రార్థనలో భుజం మీద చెయ్యి పెట్టి దూరం కొలిచే పద్ధతి ఇంకా ఉంటే, అది ఇష్టం లేని పిల్లవాణ్ణి లైను చివర నిలబడనివ్వండి. దానికి నిధి కూడా అవసరం లేదు.

చివరిగా మా బ్యాచ్ వాళ్ళకు ఒక మనవి. నేను ఎవరి గురించి చెప్పానో మీకు తెలుసు. అతడు ఎక్కడున్నాడో ఎవరికైనా ఆచూకీ ఉంటే, సభ అయ్యాక నాకు చెప్పండి. వెళ్ళి కలవాలని ఉంది. ఈసారి ఎదురుగా నిలబడి, అతడు చెయ్యి చాస్తేనే నేనూ చాస్తాను.